కడ్డీ డాక్టరు చెయ్యి

కళ్ళజోళ్ళ దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉండేది ఆయన ఆసుపత్రి. ఆసుపత్రి అనడం పెద్ద మాటే. ముందు గదిలో గోడవారగా ఒక పొడుగు బల్ల, లోపలి గదిలో చికిత్స కుర్చీ, దాని నెత్తిన దీపం, పక్కన చేతులు కడుక్కునే తొట్టి. అంతే. పైకి వెళ్ళే మెట్లు ఇరుకు, మధ్యలో ఒక మలుపు. పంటి నొప్పితో ఎక్కేవాళ్ళు ఆ మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, నొప్పి తగ్గినట్టే ఉంది, దిగిపోదామా అనుకునేవారట.

బోర్డు మీద ఆయన పేరు రాసి ఉంది గాని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. అందరికీ ఆయన కడ్డీ డాక్టరు. మిగతాచోట్ల "ఇంకెందుకిది, పీకేద్దాం" అన్న పన్నును పట్టుకుని జనం ఈయన దగ్గరికి వచ్చేవారు. ఆయన ఎక్స్‌రే తీసి, దాన్ని కిటికీ వెలుగుకి పట్టి చాలాసేపు చూసేవాడు. వేరు బాగుంటే చాలు. రూట్ కెనాల్ చేసిన పన్ను లోపల గుల్లగా ఉంటుంది. పైభాగం విరిగిపోతే క్యాప్ నిలవడానికి పట్టు దొరకదు. అందుకని వేరులోకి సన్నటి కడ్డీ దింపి, దాని ఆసరాతో పైన మళ్ళీ పన్ను కట్టుకొచ్చేవాడు. ఆ కడ్డీనే పోస్టు అంటారు.

మొదట్లో అందరిలాగే ఆయనా లోహపు పోస్టులే పెట్టేవాడు. వాటిలో ఒకటి ఒక బస్సు కండక్టరుకి పెట్టాడు. ఆ కండక్టరుకి ఈలని ముందు పళ్ళతో కరిచి పట్టుకునే అలవాటు. పన్ను నిలబడ్డాక అద్దంలో చూసుకుని, "ఇన్నేళ్ళ నుంచి పర్మినెంటు చెయ్యమని డిపోలో కాళ్ళరిగేలా తిరుగుతున్నానండీ. చివరికి మీరు ఇచ్చారు నాకు పర్మినెంటు పోస్టు" అన్నాడు. డాక్టరు పగలబడి నవ్వాడు. ఆ జోకు తర్వాత చాలామందికి చెప్పాడు కూడా.

కొన్నేళ్ళకి అదే కండక్టరు చెంప వాచి మెట్లెక్కాడు. చిగురు పక్కన చీము. ఎక్స్‌రేలో కడ్డీ చెక్కుచెదరకుండా మెరుస్తోంది. వేరు మాత్రం నిలువునా చీలిపోయింది, చీల కొట్టిన కట్టెలాగ. పీకడం తప్ప మార్గం లేదు.

"నేనేమైనా తప్పు చేశానాండీ? ఈల మానెయ్యమన్నారు, మానెయ్యలేదు" అన్నాడు కండక్టరు.

"నీ తప్పు కాదు. కడ్డీది. అంటే నాది."

అదొక్కటే అయితే మరిచిపోయేవాడేమో. తర్వాత అలాంటివే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. లోహం వంగదు. నమిలిన ప్రతిసారీ బరువంతా వేరు గోడల మీద పడుతుంది. పలచబడ్డ గోడ ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? తన చేత్తో పెట్టినవాటిని తన చేత్తోనే పీకుతూ ఆయన కొంతకాలం ముభావంగా తిరిగాడు. ఇంట్లో అన్నం కెలికి లేచిపోయేవాడు.

ఇల్లంటే అక్కదే. బావ అచ్చుయంత్రం దగ్గర పనిచేసేవాడు. వాళ్ళ ఆడపిల్ల ఇంకా నడక నేర్వకముందే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అప్పటినుంచీ ఈయన అక్క ఇంట్లోనే ఉండిపోయాడు. పెళ్ళి మాట ఎవరన్నా ఎత్తితే, "మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకి జవాబు చెప్పడానికే నాకు టైము చాలడం లేదు" అనేవాడు. ఆయన్ని చదివించింది అక్కే. కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్ళు అరగదీసుకుంది. ఆ సంగతి తను ఎన్నడూ ఎత్తేది కాదు. ఆయన ఎన్నడూ మరిచిపోయేవాడు కాదు.

"ఊళ్ళో డాక్టర్లందరూ అవే కడ్డీలు పెట్టారు కదరా. నీ ఒక్కడికే ఏమిటింత బాధ?" అంది అక్క.

"వాళ్ళ బాధ వాళ్ళు పడతారులే" అన్నాడు.

ఫైబర్ పోస్టులు వాడుకలోకి వస్తున్న రోజులవి. సన్నటి గాజు దారాలని జిగురులో ముంచి బిగించినట్టు ఉంటుంది ఆ పోస్టు. తెల్లగా, చీపురుపుల్లంత. పన్ను ఎంత వంగితే అదీ దాదాపు అంతే వంగుతుంది. ఎప్పుడైనా భారం ఎక్కువైతే పోస్టు ఊడుతుంది, లేదా విరుగుతుంది. వేరు చాలావరకు దక్కుతుంది. మళ్ళీ పని చేసుకోవచ్చు. ఆ పద్ధతి నేర్చుకోవడానికి జుట్టు నెరిసిన ఆయన కుర్రడాక్టర్ల మధ్య వెనక బెంచీలో కూర్చున్నాడు. పీకిన పళ్ళని సున్నపు ముద్దలో గుచ్చి ఇంటికి తెచ్చుకుని, తినే బల్ల మీద పెట్టుకుని సాధన చేశాడు.

"ఎవరి పళ్ళురా అవి? అన్నం తినే చోట?" అని అక్క చీదరించుకునేది.

"నోట్లో ఉన్నప్పుడు అన్నం తిన్నవే కదక్కా."

మేనకోడలు ఆ బల్లకి అవతలి పక్క కూర్చుని హోంవర్కు చేసుకుంటూ అదంతా చూసేది. పెద్దయ్యాక తనూ పళ్ళ చదువే చదివింది. చదువయ్యాక వేరేచోట చేరమని ఆయనే చెప్పినా వినకుండా, కళ్ళజోళ్ళ దుకాణం మీదికే వచ్చింది. కుర్చీ ఒక్కటే కాబట్టి పొద్దున ఆయన, మధ్యాహ్నం నుంచి ఆ అమ్మాయి.

ఆయనకి పని మీద ఎంత పట్టో మాటల మీద అంత పట్టు. ప్రతి రోగికీ చెప్పేవాడు: "పోస్టు పెడితే పన్ను గట్టిపడుతుందని అనుకోకండి. ఇది బలం కాదు, ఆసరా. చిగురు పైన చుట్టూ కాస్తంత సొంత పన్ను మిగలాలి. పీపాకి ఇనపపట్టీలా క్యాప్ దాన్ని పట్టుకోవాలి. ఆ కాస్తా లేకపోతే నేను బంగారు కడ్డీ దింపినా దండగే." పోస్టు అవసరం లేని పంటికి పెట్టేవాడు కాదు. జిగురు పట్టాలంటే లోపల తడి ఉండకూడదని, పంటి చుట్టూ రబ్బరు గుడ్డ కట్టి, ఊపిరి బిగబట్టినట్టు పనిచేసేవాడు. చెయ్యి తిరిగినవాడంటే ఆయనే అనేవారు.

ఆ చేతికి రోగం వస్తుందని ఎవరనుకుంటారు.

మొదట పోయింది వాసన. పళ్ళ ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ముక్కుకి తగిలే లవంగనూనె ఘాటు ఆయనకి తగలడం మానేసింది. "ఈ మధ్య నూనెలో కల్తీ ఎక్కువైంది" అన్నాడు. ఒకనాడు ఇంట్లో పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడేదాకా వంటగది పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాడు. అక్క వచ్చి పొయ్యి ఆపి, ఆయన మొహంకేసి చూసి, మాడిన గిన్నె తీసుకెళ్ళింది.

తర్వాత చేతిరాత చిన్నదైంది. ఏం రాశారని మందుల షాపువాళ్ళు ఫోన్ చేసి అడిగేవారు. ఆ తర్వాత కుడిచేతి బొటనవేలు. ఒళ్ళో చెయ్యి ఊరికే ఉన్నప్పుడు, చూపుడువేలి మీద ఏదో ఉండ చేస్తున్నట్టు అది రాసుకుంటూ ఉండేది. మేనకోడలు కొన్నాళ్ళు చూసి, ఒకరోజు రోగులు లేని సమయంలో అడిగింది.

"మామయ్యా, ఆ చెయ్యి ఎన్నాళ్ళ నుంచి అలా ఉంది?"

"ఎలా ఉంది?"

"బొటనవేలు చూడు."

ఆయన చూశాడు. చెయ్యి ఎత్తి, నోట్లోకి చూసే అద్దంపుల్ల పట్టుకున్నాడు. వణుకు ఆగిపోయింది. "చూశావా? ఖాళీగా ఉంటేనే ఆడుతుంది. పనిలో పెడితే బుద్ధిగా ఉంటుంది. మన వంశంలో ఎవరికీ ఖాళీ పడదులే."

"జోకులొద్దు. నరాల డాక్టరుకి చూపిద్దాం."

"చూద్దాంలే."

నరాలకి వచ్చే ఆ వణుకు వ్యాధి తీరే అంత. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణికిస్తుంది, పని మొదలుపెట్టగానే చాలాసార్లు వణుకు తగ్గుతుంది. అక్కడే ఆయన మోసపోయాడు. వణుకు తగ్గినా మణికట్టు బిగుసుకుపోతోందని, వేళ్ళు తను అనుకున్నంత వేగంగా కదలడం లేదని ఆయనకి తెలియదని చెప్పలేం. తెలుసుకోవాలనుకోలేదు. పుస్తకంలో అదే జబ్బు పేజీ తీసి, సగం చదివి మూసేశాడని మేనకోడలికి తర్వాత తెలిసింది.

అక్క పన్ను విరిగింది ఆ రోజుల్లోనే. పైవరసలో ముందు పన్ను. దానికి చాలా ఏళ్ళ కిందట రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసింది తమ్ముడే. తలపిన్నుని పళ్ళతో విప్పడం ఆమెకి చిన్నప్పటి అలవాటు. పిన్ను విప్పబోతే టప్పుమని క్యాపుతో సహా పన్ను విరిగి చేతిలోకొచ్చింది. చిగురు మీద చుట్టూ కొంచెం మిగిలింది. వేరు బాగుంది.

"మధ్యాహ్నం రా అమ్మా, నేను చేస్తాను. పోస్టు పెడితే ఇంకా చాలా ఏళ్ళొస్తుంది" అంది కూతురు.

"నా పన్ను వాడే చూస్తాడు. నువ్వు తొందరమనిషివి" అంది తల్లి, కొంగుతో నోరు కప్పుకుని.

మేనకోడలు ఆయన కేసి చూసింది. ఆయన చెయ్యి జేబులో ఉంది. "పొద్దున్నే తీసుకొస్తా" అన్నాడు.

మర్నాడు మేనకోడలు కూడా పొద్దున్నే వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. సాయానికి ఉండే నర్సమ్మని పక్కకి తప్పుకోమని, ఉమ్మి లాగే సక్షన్ గొట్టం తనే పట్టుకుంది. మత్తుమందిచ్చాక పంటి చుట్టూ రబ్బరు గుడ్డ కట్టాడు. అంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు వేరులో పాత చికిత్సప్పుడు కూరిన రబ్బరులాంటి పదార్థాన్ని పై నుంచి కొంతమేర తీసి, పోస్టుకి దారి చెయ్యాలి. అడుగున కొంత ఉంచాలి. డ్రిల్లు వేరు ఎటు వాలి ఉంటే అటే వాలాలి. గోడని తాకకూడదు.

ఆయన డ్రిల్లు పెట్టాడు. తిప్పాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. మూడోసారో నాలుగోసారో మేనకోడలు చూసింది, ఆయన మణికట్టు తిరగడం లేదు. భుజం కదులుతోంది, మోచెయ్యి కదులుతోంది, మణికట్టు మాత్రం కొయ్యలా ఉంది.

"మామయ్యా, కాస్త ఆగు. ఒక ఎక్స్‌రే తీద్దాం."

"అయిపోయింది, ఇంకొక్క..."

వేరులోంచి రక్తం పైకొచ్చింది. నరం తీసేసిన పంటిలో రక్తం ఉండదు. రక్తం వచ్చిందంటే డ్రిల్లు పక్కగోడ చీల్చుకుని ఎముకలోకి పోయినట్టు. మేనకోడలు సన్నటి కాగితం పుల్ల లోపలికి దించి తీసింది. దాని చివర కాదు, మధ్యలో ఎర్రగా ఉంది. ఇద్దరికీ అర్థమైంది. నర్సమ్మకి కూడా అర్థమైందేమో, గోడ వైపు తిరిగి సామాను సర్దడం మొదలుపెట్టింది.

"పక్కకి పోయింది" అన్నాడాయన, చాలా మెల్లగా. డ్రిల్లు పళ్ళెంలో పెట్టాడు. పెట్టగానే ఖాళీ అయిన చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఈసారి బొటనవేలు కాదు, చెయ్యంతా. లోహపు పళ్ళెం అంచుకి తగిలి టకటకమని చప్పుడైంది. నోటిచుట్టూ రబ్బరు గుడ్డతో కుర్చీలో వెనక్కి పడుకున్న అక్క ఆ చప్పుడు విని కళ్ళు మూసుకుంది.

మిగతా పని మేనకోడలు చేసింది. రక్తం ఆపి, ఆ రంధ్రాన్ని దానికోసమే ఉండే సిమెంటుతో మూసి, తాత్కాలికంగా పన్ను కట్టింది. కొన్నాళ్ళు ఆగి చూసి, ఫైబర్ పోస్టు పెట్టి, నీలం వెలుగు చూపించి జిగురు గట్టిపరిచి, క్యాప్ కూడా వేసింది. కొన్ని అలా నిలబడతాయి. ఇది నిలబడలేదు. రంధ్రం పడింది చిగురుకి మరీ దగ్గరగా. వానలు మొదలయ్యేసరికి పంటి పక్కన పొక్కు లేచింది. ఎముక తగ్గిపోయింది. పన్ను వేలితో కదిపితే కదిలేది.

కన్నతల్లి పన్ను కూతురు పీకింది. పట్టకారు బిగించేటప్పుడు, "నొప్పిగా ఉంటే చెయ్యెత్తమ్మా" అంది. తల్లి చివరిదాకా చెయ్యెత్తలేదు. డాక్టరు ఆ సేపంతా బయట మెట్ల మలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన అక్క ఎదురుగా కూర్చున్నాడు. "అక్కా, నా చెయ్యి బాగాలేదని నాకు తెలుసు. తెలిసే కూర్చోబెట్టాను" అన్నాడు.

ఆమె దూది కరిచి పట్టుకుని ఉంది. తీసి, మడిచి పక్కన పెట్టింది. "నాకూ తెలుసురా. పాలు మాడిన రోజు నుంచే ఏదో అయిందని తెలుసు. చెయ్యి జేబులో పెట్టుకుని తిరుగుతున్నావు, నాకు కనపడదా?"

"మరి నీ కూతురి దగ్గరికి పోవచ్చు కదా? నా దగ్గరికెందుకొచ్చావు?"

"నేనే కాదంటే, నీకింకెవరు ఔనంటారురా?"

దానికి ఆయన మొహం మాడిపోయింది. ఆమె ఓదార్పుగా అన్నది ఓదార్పు కాలేదు. "నువ్వు కాదని ఉంటే నేను ఆ రోజే ఆపేసేవాణ్ణి" అన్నాడు. అది నిజమో కాదో ఆయనకే తెలియదు. కాని అనేశాడు. అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఒకే కప్పు కింద ఉంటూ కొన్నాళ్ళు వాళ్ళిద్దరూ మేనకోడలి ద్వారానే మాట్లాడుకున్నారు. "మీ మామయ్యకి స్నానానికి నీళ్ళు పెట్టానని చెప్పు." "మీ అమ్మకి నాకు వినపడిందని చెప్పు."

నరాల డాక్టరు ఆయన్ని గదిలో అటూ ఇటూ నడిపించి, బొటనవేలికి చూపుడువేలు తట్టించి, మణికట్టు వంచి చూసి, మందులు రాశాడు. "పని ఆపింది ఎప్పుడు?" అని అడిగాడు. మేనకోడలే జవాబు చెప్పింది.

తర్వాత ఆయన చేసిన పని ఒకటుంది. అది ఎవరూ చెయ్యమనలేదు. వాసన పోయిన దగ్గర్నుంచీ తన చేతిలో పోస్టు పెట్టించుకున్నవాళ్ళందరికీ ఒక్కొక్కరికే ఫోన్ చేశాడు. ఆ జబ్బుకి గొంతు కూడా సన్నగిల్లుతుంది. అవతలివాళ్ళు "ఎవరూ? గట్టిగా చెప్పండి" అనేవారు. ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు. "నేను కడ్డీ డాక్టర్నండీ. నా చేతికి జబ్బు చేసింది. మీ పన్ను నేను సరిగ్గా చేశానో లేదో నమ్మకం లేదు. మా మేనకోడలు చూస్తుంది, ఒకసారి రండి."

చాలామంది పళ్ళు బాగానే ఉన్నాయి. ఇద్దరివి లేవు. ఒకామె చంటిబిడ్డని ఎత్తుకుని వచ్చింది. ఎక్స్‌రే చూపించి చెప్పాక, "పోనీలెండి, ముసలాయన, ఏం చేస్తాం" అని వెళ్ళిపోయింది. రెండో ఆయన బడిపంతులు. ముందు గదిలో అందరి ఎదురుగా నిలబడి అడిగాడు.

"తెలిసీ చేశారా, తెలియక చేశారా? అదొక్కటి చెప్పండి."

"సగం తెలిసే" అన్నాడు డాక్టరు.

"సగమేమిటండీ? పిల్లలు నాకు ఇలాంటి జవాబు చెబితే బల్లెక్కించేవాణ్ణి."

డాక్టరు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. పంతులు ఇంకా ఏదో అనబోయి, ఆయన చెయ్యి చూసి ఆపేశాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ పన్ను వేరేచోట పీకించుకున్నాడని తర్వాత తెలిసింది.

"పోనీలెండి అన్నావిడ మాటే ఎక్కువ గుచ్చుకుంది" అని ఆయన ఒకసారి మేనకోడలితో అన్నాడు. "తిట్టినవాడు నన్నింకా డాక్టరనుకున్నాడు."

అక్కతో మాటలు కలిసింది మందులవల్లే. వేళ తప్పితే ఆయన మంచం మీద పక్కకి ఒత్తిగిలలేకపోయేవాడు. ఒక పొద్దున అక్క మాత్ర, నీళ్ళు తెచ్చి, "మింగు" అంది నేరుగా ఆయనతోనే. ఆయన మింగాడు. అంతే, క్షమాపణలేవీ జరగలేదు. ఆమెకి కూతురు కట్టుడుపన్ను పెట్టింది గాని, ఇంట్లో ఉన్నప్పుడు తీసి గ్లాసులో వేసేది. ఆ సందుతో మాట్లాడుతుంటే గాలిపోయి మాట కొంచెం ఈలగా వచ్చేది. ఆ ఈల వినపడినప్పుడల్లా ఆయన తల తిప్పుకునేవాడు. అది చూసి ఆమె కట్టుడుపన్ను తీయడం మానేద్దామనుకుంది. చిగురు ఒరుసుకుపోయి, మానలేకపోయింది. ఎవరికి ఎంత తెలిసినా తీరని ఇబ్బందులుంటాయి ఇళ్ళల్లో.

చివరిసారి ఆయన ఆ మెట్లెక్కింది ఒక చలిరోజు పొద్దున. మేనకోడలు పోస్టు పెడుతోంది, చూస్తానన్నాడు. వద్దనడానికి ఆ అమ్మాయికి నోరు రాలేదు. కుర్చీ పక్కన స్టూలు వేస్తే, రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని కూర్చున్నాడు. కుర్చీలో ఉన్నది ఒక పెయింటరు. గోళ్ళ సందుల్లో రంగు, కళ్ళల్లో భయం. మేనకోడలు దారి చేసింది, కడిగింది, ఆరబెట్టింది. తెల్లటి పోస్టుని దించి కొలత చూసి, తీసి తుడిచి, జిగురుతో మళ్ళీ దించింది. నీలం వెలుగు గోడ మీద పడింది. ఆయన మెడ చాచి చూస్తూనే ఉన్నాడు. ఆమె ప్రతి పనీ ఆయన చేసినదానికంటే త్వరగా చేసింది. ఎక్కడా తొందరపడలేదు.

పెయింటరు వెళ్ళాక, "ఎలా ఉంది?" అని అడిగింది.

"నేను ఆరబెట్టడానికి ఇంకా ఎక్కువసేపు తీసుకునేవాణ్ణి."

"తక్కువైందంటావా?"

మొహంలో కండరాలు బిగుసుకుపోవడం వల్ల ఆ రోజుల్లో ఆయన నవ్వుతున్నదీ లేనిదీ తెలిసేది కాదు. "లేదు. నేనే ఎక్కువ తీసుకునేవాణ్ణేమో. ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

దిగేటప్పుడు నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. మలుపు దగ్గర ఆయన కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయాయి. ఎంతసేపు చూసినా పాదం లేవలేదు. కింద కళ్ళజోళ్ళ దుకాణంలో ఎవరో అద్దాలు సరిపోయాయా అని అడుగుతున్నారు. పైనుంచి మేనకోడలు వచ్చి ఆయన ముందు ఒక మెట్టు కిందకి దిగి, తన కాలు అడ్డంగా పెట్టి, "దీన్ని దాటు మామయ్యా" అంది. అలా అడ్డం పెడితే అడుగు పడుతుందని నరాల డాక్టరు చెప్పాడు. ఆయన ఆ కాలు దాటాడు. ఆమె మళ్ళీ పెట్టింది. మళ్ళీ దాటాడు. వీధిలోకి వచ్చేసరికి ఎండ వచ్చింది. అక్క ఆటో పక్కన శాలువా పట్టుకుని నిలబడి ఉంది.

"ఏరా, బాగా చేసిందా అది?" అంది.

"బాగానే చేసింది" అన్నాడు.

ఆమె శాలువా కప్పి, ఆటోలోకి ఎక్కించి, తను రెండో వైపు నుంచి ఎక్కి కూర్చుంది.